పదకొండు రోజులకు

నెదర్లాండ్స్‌లో ఒక ఊరు. పేరు పలకబోతే
గొంతులో చేపముల్లు అడ్డుపడినట్టుంటుంది.
అక్కడ పాత అచ్చుయంత్రాల మ్యూజియం వాళ్లు
తెలుగు వత్తు అక్షరం కిందికి ఎలా చేరుతుందో
చేత్తో కూర్చి చూపించమని పిలిచారు.
పోనూరానూ టిక్కెట్టు వాళ్లదే.
చలికోటు కూడా ఇస్తారట, తిరిగి ఇచ్చెయ్యాలి.

బ్రౌజింగ్ సెంటర్ ఇర్ఫాన్ ఫారం నింపుతూ
"ఇంటిపేరు?" అన్నాడు.
పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ.
మా నాన్న ఈ పట్నం వచ్చినప్పుడు గూడపాటి
జి అయి, పక్కన చుక్కతో కొన్నాళ్లు నిలబడింది.
తర్వాత ఎక్కడో రాలిపోయింది.
చుక్కలు రాలడం నాకు కొత్త కాదు.
"ముక్కంటి. అంతే."
"రెండు గళ్లలోనూ అదే కొట్టేస్తా తాతా."

"తిరిగొస్తావని రుజువు?"
ఇక్కడ ఇద్దరం ఆగిపోయాం.
ఇల్లు అద్దెది. పెళ్లి చేసుకోలేదు.
బ్యాంకులో ముప్పై ఒక్క వేలు,
అందులో ఇరవై మా ఓనరు ధనకోటిగారు మొన్న వేసినవి.
"మొన్న వేసినవని వాళ్లకి తెలిసిపోద్ది" అన్నాడు.
పొలం అనబోయి వాడే నవ్వేశాడు.

రుజువు ఉంది. ఫారంలో పట్టదు.
వచ్చే నెల ముహూర్తాలకి పత్రికలు కూర్చి
ఫ్రేములో బిగించి బల్ల మీద పెట్టి వెళ్తాను.
అచ్చయ్యాక వాటిని విప్పాలి,
కిరసనాయిలుతో కడగాలి,
ఏ అక్షరం ఆ గడిలో వెయ్యాలి.
ఘ గడిలో ఝ పడిందంటే
ఇంకెవరి పెళ్లిలోనో పేరు చెడుతుంది.
ఆండర్సన్ వీధిలో ఆ పని తెలిసిన చేతులు
ఇప్పుడు రెండే, రెండూ నావే.
కాగితం మీదికి చుట్టపుచూపుగా వెళ్లి
గడికి తిరిగి రాని అక్షరం మా ప్రెస్సులో లేదు,
ఒక్క ళ తప్ప.
అది డెబ్బై ఎనిమిదిలో పోయింది.
ఇప్పటికీ ఊడ్చేటప్పుడు చూస్తుంటాను.

ఎగ్మూరులో మూడో అంతస్తు. టోకెను.
ఫోటోలో చెవులు కనిపించాలి, పళ్లు కనిపించకూడదు.
ఆ గాజుపలక మీద వేళ్లు పెట్టమన్నారు.
పెట్టాను. యంత్రం ఒప్పుకోలేదు.
పంచెకి తుడిచి పెట్టాను.
"ఇన్నొరు తడవై, అయ్యా."
ఆ పిల్ల నా చెయ్యి తిప్పి చూసింది.
గీతలు లేవు. సీసం తినేసింది,
మిగిలింది కిరసనాయిలు కడిగేసింది.
ఎన్ని వేలమంది పేర్లు అచ్చేసిన వేళ్లో,
తమ అచ్చు అడిగితే లేదన్నాయి.
స్టిక్కు కింద ఊరికే ఆనుకుని ఉండే
ఎడమ చిటికెన వేలు మాత్రం
మొదటిసారే పడింది, సోమరిది.

అద్దానికి అవతల ఆమె ఏదో రాసుకుంటోంది.
అక్షరాలు నా వైపుకి తలకిందులు.
అంటే నాకు తిన్నగా.
యాభై రెండేళ్లు అలాగే చదివాను.
వేళ్లు అరిగినవి, వృత్తి వల్ల, అని రాసింది.
ఇంగ్లీషైనా చక్కని రాత.
దాని పైన నా పేరు.
"అమ్మా, అందులో ఇంకో కె పడాలి."
నన్ను చూసింది. కాగితాన్ని చూసింది.
మళ్లీ నన్ను.
రెండక్షరాల మధ్య చిన్న గాలిపటం తోకలాంటి గుర్తు పెట్టి
పైన కె రాసింది,
మేం ప్రూఫులో చేసినట్టే.

పదిహేను పనిదినాలట. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే.
పారీస్ కార్నర్‌లో బస్సు దిగి ప్రెస్సుకొచ్చేసరికి
కరెంటు లేదు.
ధనకోటిగారు గుమ్మంలో కూర్చుని
పాత పత్రికతో విసురుకుంటున్నారు.
"ఏమన్నారోయ్?"

"పేరులో వత్తు జారింది," అన్నాను.
"పెట్టించి వచ్చాను."